చిప్పు చెప్పని పోర్టు

సుశీల బల్ల మీద కంప్యూటర్ మొదటిసారి నోరు తెరిచిన రోజు శాలిబండ ఆఫీసులో సగంమంది పని మానేసి ఆమె చుట్టూ నిలబడ్డారు. కంప్యూటర్ వెనక పోర్టుకు తగిలించిన బూడిదరంగు పెట్టె ఒకటి, టిఫిన్ బాక్సంత ఉంటుంది, అందులోంచి ముక్కుతో మాట్లాడే మగగొంతు ఇంగ్లీషులో గబగబా ఏదో చదువుకుంటూ పోతోంది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

"అయ్యగారు సంకల్పం చెప్పినట్టే ఉన్నది" అన్నాడు ప్యూన్ బీరయ్య. అందరూ నవ్వారు.

సుశీల నవ్వలేదు. తల ఒక పక్కకు వంచి, చేతులు కీబోర్డు మీద ఆనించి వింటోంది.

"డానియేలూ, మెమరీ అన్నడు. డిస్కు అన్నడు. సీరియల్ పోర్టు అన్నడు. గివన్నీ ఎవలు చెప్తున్నరు?"

"అదే చెప్తుంది అక్కా. లేవంగనే తన ఒంట్ల ఏమేమున్నయో ఒకపారి చూస్కుంటది. ఇప్పుడు పెట్టె ఉన్నది కాబట్టి నీకు ఇనపడుతుంది."

సుశీలకు చిన్నప్పుడే తట్టు పోసి కళ్ళు పోయాయి. మలక్‌పేటలో అంధుల బడిలో చదువుకుంది. టైపు కొట్టడం, టెలిఫోన్ బోర్డు నడపడం అక్కడే నేర్చుకుంది. పంపుసెట్లు తయారుచేసే ప్రభుత్వ రంగ సంస్థ ప్రాంతీయ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరి, బోర్డు ముందు కూర్చుని చాలా ఏళ్ళు గడిపింది. ఫోన్లో "హలో" అన్న గొంతును బట్టి ఏ ఊరి డీలరో చెప్పేది. 2001లో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ వచ్చింది. ఎవరి ఫోను వాళ్ళ బల్లమీదే మోగడం మొదలైంది. సుశీల బోర్డు ఊడదీసి మూలన పెట్టారు. ఆమె కుర్చీని మాత్రం ఉంచారు.

ఆ కుర్చీలో ఊరికే కూర్చోవడం ఆమెను తినేసింది. పొద్దున లాల్‌దర్వాజాలో ఇంటి దగ్గర బయలుదేరి, భర్త వైకుంఠం చెయ్యి పట్టుకుని శాలిబండ దాకా నడిచొచ్చి, సాయంత్రం దాకా కూర్చుని, మళ్ళీ నడిచిపోవడం. "జీతమొస్తుంది గదమ్మా, నీకేం ఫికర్?" అనేవారు తోటివాళ్ళు. ఆ మాట విన్నరోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

డానియేలు కంప్యూటర్ సెక్షన్లో అసిస్టెంటు. కిషన్‌బాగ్ నుంచి లూనా మీద వచ్చేవాడు. పాతబడి పక్కన పెట్టిన కంప్యూటర్ ఒకటి దులిపి, అందులో దాన్ని నడిపించే లినక్స్ అనే ప్రోగ్రామ్ ఎక్కించాడు. వాళ్ళ చర్చికి సంబంధించిన మిషన్ వాళ్ళు సికింద్రాబాదులో అంధుల కోసం నడిపే కేంద్రంలో ఆ మాట్లాడే పెట్టె పడి ఉంటే, బతిమాలి తెచ్చాడు. అక్షరాలు తెర మీదికి వస్తూంటే పెట్టె వాటిని పైకి చదువుతుంది. అంతే దాని పని. ఆఫీసు పరిపాలనాధికారి వీరరాఘవరావు కాగితం మీద ఏమీ పెట్టకుండా, "కూర్చోబెట్టి చూడవయ్యా, ఆవిడకీ ఓ పనుంటుంది" అన్నాడు. ఆయనది భీమవరం వైపు. ఎవరి మనసూ నొప్పించకుండా రిటైరైపోవాలని చూసే మనిషి.

చుట్టూ మూగినవాళ్ళు వెళ్ళిపోయాక సుశీల అడిగింది. "లేవంగనే చూస్కుంటదన్నవు గదా. దానికెట్ల తెలుస్తది లోపలేమున్నదో?"

డానియేలు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బోర్డు మీద చిన్న చిప్పుంటది అక్కా. కరెంటు రాంగనే అన్నిటికన్న ముందు లేశేది అది. దాన్ల కంపెనీవాళ్ళు రాసిన ప్రోగ్రామ్ ఉంటది, ఫర్మ్‌వేర్ అంటరు. నా మీద ఇంత మెమరీ ఉన్నది, ఫలాన పోర్టు ఉన్నది, ఫలాన చోట ఉన్నది అని అది చెప్పి పెడ్తది. దాని ఎన్క లినక్స్ లేస్తది. ఆ చిప్పు చెప్పిందంత ఇనుకుంటది. ఇనుకొని, మనం సదువుకునేతట్టు ఫైళ్ళ లెక్క పరిచి పెడ్తది."

"నేను సదువొచ్చునా?"

"ఎందుకు సదువొద్దు? మామూలు అక్షరాలే."

ఏం కొట్టాలో చెప్పాడు. ఆమె కొట్టింది. పెట్టె చదవసాగింది. బోర్డు ఎవరు తయారు చేశారో చెప్పింది. ఏ పోర్టు ఎక్కడుందో చెప్పింది. ఒక ఫోల్డరు తెరిస్తే దానిలో ఇంకో ఫోల్డరు, దానిలో ఇంకోటి. తనకు తెలియని ఇంట్లో గోడ పట్టుకుని ఒక్కో గదిలోకి వెళ్ళినట్టు ఆమె వెళ్తూ పోయింది. ఒకచోట లోపల ఎంత వేడిగా ఉందో ఉంది. ఇంకోచోట తన మాట్లాడే పెట్టె తగిలించిన పోర్టే ఉంది.

"ఇదేనా, నా పెట్టె ఉన్నది?"

"అదే."

సుశీల అదే ఫైలు మళ్ళీ తెరిచి వింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఎదురుగా ఏముందో ఎవరో ఒకరు చెప్తేనే ఆమెకు తెలిసేది. వాళ్ళు చెప్పాలనుకున్నంతే చెప్పేవాళ్ళు. విసుగొస్తే ఆపేసేవాళ్ళు. ఒక వస్తువు తానేమిటో తానే, ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా చెప్పడం ఆమెకు ఇదే మొదటిసారి.

"మరి ఆ చిప్పు అబద్ధం చెప్తే?"

"ఎందుకు చెప్తది?"

"చెప్పిందనుకో."

"గప్పుడు లినక్సు గూడ గదే చెప్తది. దానికేమన్న వేరే కండ్లున్నయా, చూసి తెల్సుకోనీకి?" అనేసి డానియేలు నాలిక్కరుచుకున్నాడు.

సుశీల పక్కున నవ్వింది. "అయితే నా లెక్కనే అన్నట్టు."

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె జీవితంలో బాగా నడిచిన రోజులు. పంపుసెట్ల ఫిర్యాదులు రాసుకునే పని ఆమెకు ఇచ్చారు. జిల్లాల నుంచి డీలర్లు, కొన్నిసార్లు నేరుగా రైతులు ఫోన్ చేసేవాళ్ళు. మోటారు కాలిందనేవారు, నీళ్ళు ఎక్కట్లేదనేవారు, కొత్తది అంటగట్టి మోసం చేశారని తిట్టేవారు. ఆమె వింటూ వింటూనే ఇంగ్లీషులో టైపు చేసేది. అది హెడ్డాఫీసు పెద్ద కంప్యూటర్‌కు పోయేది. ఎండాకాలంలో ఊపిరి సలిపేది కాదు. బీరయ్య చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయేది.

ఇంటికొచ్చాక వైకుంఠానికి అన్నీ చెప్పేది. అతను చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో గాజులు కాగితంలో చుట్టి కట్టలు కట్టే పని చేసేవాడు. మనిషి నెమ్మది. ఉద్యోగముందని గుడ్డిదాన్ని చేసుకున్నాడని పెళ్ళిలోనే అన్నవాళ్ళున్నారు. సుశీల ఆ మాట మరిచిపోలేదు గానీ, భర్తను ఎప్పుడూ అడగలేదు. అడిగితే అతను నిజం చెప్పేస్తాడేమోనని భయం.

"ఇయ్యాల కోదాడ నుంచి ఒకాయన నన్ను తిట్టి తిట్టి, ఆఖరికి నువ్వు తిన్నవా బిడ్డా అనడిగిండు" అని చెప్పేది.

"తిన్ననన్నవా?" అనేవాడు వైకుంఠం, నవ్వుతూ.

2006 వేసవి మొదట్లో హెడ్డాఫీసు పాత కంప్యూటర్లన్నీ తీసేసి కొత్తవి పెట్టించింది. కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ మనుషులు ఒక శనివారం వచ్చి పాతవాటిని లారీకెక్కించి, కొత్తవి బల్లల మీద పెట్టి పోయారు. డానియేలు ఆ రోజు గుంటూరు డిపోలో పని మీద ఉన్నాడు. సోమవారం సుశీల వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే, వేళ్ళకు వేరే కీబోర్డు తగిలింది. మాట్లాడే పెట్టె మాత్రం పక్కన అలాగే ఉంది. అదేమిటో లారీవాళ్ళకు తెలియక వదిలేసిపోయారు.

పెట్టె వైరు వెనక్కి తీసుకుపోయి, తడిమి, పోర్టు వెతికి తనే తగిలించింది. స్విచ్చేసింది. ఫ్యాను తిరిగింది. కంప్యూటర్ లేచిందని చప్పుడు తెలుస్తోంది. పెట్టె నోరు విప్పలేదు.

మర్నాడు డానియేలు వచ్చాడు. కొత్త కంప్యూటర్లలో విండోస్ ఉంది. దాన్ని ముట్టుకోకూడదు. కానీ సీడీ నుంచి వేరేది నడపడాన్ని ఎవరూ మూయలేదు. వీరరాఘవరావును అడిగితే, "డిస్కు మీద గీత పడకుండా చేస్తానంటే చెయ్యి. నేను చూళ్ళేదు" అన్నాడు. డానియేలు లినక్స్ సీడీ వేశాడు. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. పెట్టె పలకలేదు.

"ఏమంటుంది?" అనడిగింది సుశీల.

డానియేలు ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరుస్తూ పోయాడు. ఇదివరకు ఆమె తనంతట తాను తిరిగిన గదులే అవి. ఇప్పుడు అతను చూసి చెప్పాలి.

"మెమరీ చూపిస్తుంది. డిస్కు చూపిస్తుంది. నీ పెట్టె తగిలించే సీరియల్ పోర్టు లేదంటుంది అక్కా."

"లేదా?"

"లేదంటుంది. సౌండ్ లేదంటుంది. యూఎస్‌బీ గూడ లేదంటుంది."

సుశీల లేచి కంప్యూటర్ వెనక్కి వంగి పెట్టె వైరు పీకింది. ఖాళీ అయిన పోర్టులో చూపుడువేలు పెట్టింది. లోపలి సూదులు వేలికి గుచ్చుకున్నాయి.

"ముళ్ళు తగుల్తున్నయ్ గద డానియేలూ. లేదంటవేంది?"

"బోర్డు మీద ఉన్నదక్కా. నేను గూడ చూస్తున్న. చిప్పు చెప్తలేదు. కంపెనీవాళ్ళు పంపేముందే ఫర్మ్‌వేర్‌ల బంద్ చేసి పంపిండ్రు. చిప్పు చెప్పంది దీనికి లేనట్టే."

"ఎందుకు బంద్ చేసిండ్రు?"

అది కనుక్కోవడానికి డానియేలుకు ఎక్కువ సేపు పట్టలేదు. ఉద్యోగులు పాటలు వింటున్నారనీ, ఫైళ్ళు పెన్ డ్రైవుల్లో ఎత్తుకుపోతున్నారనీ హెడ్డాఫీసు సర్క్యులర్ వేసింది. పనికి అవసరం లేనివన్నీ మూసి పంపమని కంపెనీకి చెప్పింది. వాళ్ళు మూశారు. తెరవడానికి వీల్లేకుండా పాస్‌వర్డ్ పెట్టారు. మూతకు సీలు వేశారు. బయటి కంప్యూటర్లు ఆఫీసులోకి తేకూడదనీ అదే సర్క్యులర్‌లో ఉంది.

కంపెనీకి ఫోన్ చేస్తే, హెడ్డాఫీసు చెప్పందే పాస్‌వర్డ్ ఇవ్వమన్నారు. వీరరాఘవరావు హెడ్డాఫీసుకు రాశాడు. అది ఐటీ విభాగానికి వెళ్ళింది. ఈ ఉద్యోగికి ధ్వని ఎందుకు అవసరమో వివరించమని వాళ్ళు వెనక్కి పంపారు. ఆయన వివరించాడు. ఒక్క కంప్యూటర్‌కు మినహాయింపు ఇస్తే మిగతావాళ్ళూ అడుగుతారని భద్రతా విభాగం అభ్యంతరం పెట్టింది. ఆయన మళ్ళీ రాశాడు. ఒకసారి స్వయంగా వెళ్ళొచ్చి, చెమట తుడుచుకుంటూ సుశీల బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అందరూ మంచివాళ్ళేనమ్మా. ఎవర్ని కదిపినా పాపం అంటారు. సంతకం మాత్రం పెట్టరు" అన్నాడు.

ఈలోగా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. సుశీల ఎత్తి, విని, మనసులో పెట్టుకుని, ఎవరైనా ఖాళీగా ఉంటే చెప్పి టైపు చేయించుకునేది. మొదట్లో అందరూ సాయం చేశారు. తర్వాత ఆమె పిలిస్తే లేచి వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒకనాడు ఆమె చెప్పిన ఫిర్యాదు ఎవరూ ఎక్కించలేదు. అదే రైతు మళ్ళీ ఫోన్ చేసి, మిరప ఎండిపోయిందని ఏడ్చాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఫోను ఆమె బల్ల మీంచి తీసి పక్క బల్లకు మార్చారు. ఎవరు మార్పించారో ఎవరూ చెప్పలేదు.

"పాత కంప్యూటర్ ఎక్కడికి పోయింది?" అని ఒకరోజు సుశీల డానియేలునడిగింది. "అది దొరికితే, సార్ పర్మిషన్ ఇస్తడేమో. బయటిది కాదు గదా. ఆఫీసుదే గదా."

పాత కంప్యూటర్లను వేలంలో కొన్నవాడు జుమ్మేరాత్ బజార్లో ఉంటాడని బీరయ్య కనుక్కొచ్చాడు. ఆదివారం డానియేలు, సుశీల, వైకుంఠం ముగ్గురూ ఆటోలో పోయారు. తుప్పు వాసన, కాలిన రబ్బరు వాసన. పాత సామాన్ల గుట్టల మధ్య నడుస్తుంటే సుశీల చీరకు ఏదో ఒక ఇనప ముక్క తగులుకుంటూనే ఉంది.

దుకాణదారు ముసలాయన. డానియేలు చెప్పిందంతా విని తల అడ్డంగా ఊపాడు. "తోడ్ డాలే బేటా. సబ్ తోడ్ డాలే. డబ్బా అలగ్, తార్ అలగ్, బోర్డ్ అలగ్. బోర్డ్ తో దిల్లీ గయే."

"అంతా పగలగొట్టిండ్రా?" అంది సుశీల.

"హౌ అమ్మా. ముక్కలు చేస్తెనే అమ్ముడుపోతయ్. బోర్డులు ఢిల్లీకి పోయినయ్" అన్నాడు ముసలాయన తెలుగులోకి మారి. ఆమె కళ్ళు చూసి గొంతు తగ్గించాడు. "మీకు ఏం కావాల్నో చెప్పుండ్రి. కీబోర్డులు ఉన్నయ్. మస్తు ఉన్నయ్."

ఆమె చెయ్యి పట్టుకుని కీబోర్డుల గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు. సుశీల మర్యాద కోసం వంగి రెండు మూడు తడిమింది. మీటల మధ్య దుమ్ము గడ్డకట్టి ఉంది. చాలనంది. తిరిగొచ్చి ఆటో దిగారు. ఇంటి సందు మలుపులో వైకుంఠం మెల్లగా అన్నాడు.

"పోనియ్ సుశీలా. ఊకె కూసున్నా జీతమిస్తరు గదా."

"ఎన్ని రోజులిస్తరు?" అంది ఆమె.

తన చెయ్యి మీద అతని పట్టు బిగియడం ఆమెకు తెలిసింది. అది ధైర్యం చెప్పడమో, భయపడడమో ఆమెకు తెలియలేదు.

భయపడింది నిజమే అయింది. వానలు మొదలయ్యాక హెడ్డాఫీసు నుంచి పట్టిక వచ్చింది. పని లేని ఉద్యోగులు స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయవచ్చు. చేయకపోతే దూరపు డిపోలకు బదిలీ. సుశీల పేరు అందులో ఉంది. ఆమెకు పని లేదని రాసినవాళ్ళే ఆమె పని పోవడానికి కారణం కూడా రాశారు: కంప్యూటర్ వాడలేకపోవుట.

వీరరాఘవరావు ఆ మాట చదివి వినిపించాడు. పక్కనే ఉన్న డానియేలు మొహం ఎర్రబడింది.

"సార్, సీలు తీస్త. లోపల బ్యాటరీ ఉంటది. అది పీకి కొద్దిసేపాగి పెడితే పాస్‌వర్డ్ పోతది. సీరియల్ పోర్టు ఆన్ చేసి మూత పెట్టేస్త. ఎవలకీ తెల్వది."

"వద్దయ్యా" అన్నాడు వీరరాఘవరావు. "పిల్లలుగలవాడివి. నీ మీదికొస్తుంది."

"నువ్వేం చెయ్యకు డానియేలూ" అంది సుశీల. అంది గానీ, ఆ గొంతులో కాస్తంత ఆశ డానియేలుకు వినపడింది. అది వినకపోయి ఉంటే ఆగిపోయేవాడేమో.

భోజనాల వేళ అందరూ క్యాంటీనుకు పోయాక అతను స్క్రూడ్రైవరు తెచ్చాడు. సుశీల తన కుర్చీలోనే ఉంది. సీలు చిరిగిన చప్పుడు విని ఆమె లేచి నిలబడింది.

"వద్దన్న గద తమ్మీ."

"అయిపోయిందక్కా. కూసో."

బ్యాటరీ తీశాడు. ఆగాడు. పెట్టాడు. మూత బిగించి స్విచ్చేశాడు. సుశీల పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. ఫ్యాను తిరిగింది.

కంప్యూటర్ ఒక్కసారి పొడుగ్గా కూత పెట్టి ఆగిపోయింది.

"ఏమన్నది?" అంది సుశీల. "డానియేలూ, ఏమన్నది?"

డానియేలు తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. మూత తెరిచారని చిప్పు కనిపెట్టింది. పాస్‌వర్డ్ బ్యాటరీతో పోయే చోట లేదు, వేరే చోట దాచారు. అది కొడితే తప్ప ముందుకు పోనని తెర మీద రాసి ఉంది. ఇప్పుడు లినక్సూ లేదు, విండోసూ లేదు. వాటి దాకా వెళ్ళనివ్వట్లేదు.

"మూత తీశినమని పసిగట్టిందక్కా" అన్నాడు చివరికి.

"గది మాత్రం చెప్తుందా?"

"చెప్తుంది."

సుశీల పెట్టె మీంచి చెయ్యి తీసేసింది.

కంపెనీ మనిషి వచ్చాడు, చిరిగిన సీలు ఫోటో తీసుకున్నాడు. డానియేలుకు మెమో ఇచ్చారు. నేనే తీయమన్నానని సుశీల చెప్పింది. రాసి ఇస్తానంది. చూపులేని మనిషి చెప్పిందని ఎలా తీశావయ్యా అని విచారణకొచ్చిన అధికారి డానియేలునే అడిగాడు తప్ప, సుశీల వైపు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆమె ఆ గదిలో గోడవార నిలబడి ఉంది. తన తప్పన్నా తనది కానివ్వలేదని ఆమెకు అనిపించింది. డానియేలును ఆసిఫాబాద్ డిపోకు వేశారు. భార్యాపిల్లల్ని కిషన్‌బాగ్‌లోనే వదిలి పోయాడు.

వైకుంఠం, ఆమె రెండు రాత్రులు మాట్లాడుకున్నారు. చివరికి విరమణకే ఒప్పుకున్నారు. దూరపు డిపోకు పోయి ఆమె ఒంటరిగా బతకలేదు. అతను గాజుల దుకాణం వదిలి రాలేడు. వీరరాఘవరావు కాగితం మొత్తం చదివి వినిపించి, సంతకం చేయాల్సిన చోట స్కేలు ఆనించి పట్టుకున్నాడు. స్కేలు అంచు వెంబడి ఆమె తన పేరు రాసింది.

"నన్ను క్షమించమ్మా" అన్నాడు ఆయన.

"మీరేం చేస్తరు సార్" అంది సుశీల. ఆ మాటలో కోపం లేదు. ఆయనకు అదే ఎక్కువ బాధనిపించింది.

మాట్లాడే పెట్టెను బీరయ్య సంచిలో పెట్టి ఇచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. అది ఆఫీసు సామానో సొంతదో తేల్చే కాగితం కావాలన్నాడు. తెచ్చిన డానియేలు ఆసిఫాబాద్‌లో ఉన్నాడు. సుశీల వాచ్‌మన్‌తో లొల్లి పెట్టుకోలేదు. సంచి అతని చేతికిచ్చి, వైకుంఠం చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

తర్వాతి ఏడు క్రిస్మస్ సెలవులకు వచ్చిన డానియేలు, కేకు ముక్కలు డబ్బాలో పెట్టుకుని లాల్‌దర్వాజా వచ్చాడు. సుశీల గడప లోపల చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. కిరాణా దుకాణాలకు తీసిచ్చే పని. ఉప్పు, చింతపండు పట్టి వేళ్ళు పగిలి ఉన్నాయి. వైకుంఠం దుకాణానికి వెళ్ళాడు. ఈమధ్య ఆలస్యంగా వస్తున్నాడని, వచ్చినా ఎక్కువ మాట్లాడడని, డానియేలు అడగకుండానే ఆమె చెప్పింది. మళ్ళీ వెంటనే, "పాపం, పని ఎక్కువున్నది" అంది.

డానియేలు పెట్టె గురించి అడిగాడు. స్టోర్లో ఉండేదట, తర్వాత చెత్తతో పాటు వేలమేశారట. బీరయ్య చెప్పాడంది.

"ఇంకోటి వెతుకుత అక్కా. ఇప్పుడు పెట్టె గూడ అవసరం లేదు. సౌండ్ కార్డు తోనే మాట్లాడే ప్రోగ్రాములొచ్చినయ్. సెకండ్ హ్యాండ్ల కంప్యూటర్ చూస్త."

"చూసి? ఎవలకు ఏం రాసియ్యాలె నేను?"

చెప్పాలా వద్దా అని వచ్చేదారంతా ఆలోచించిన సంగతి, డానియేలు చివరికి చెప్పేశాడు. "పర్మిషన్ వచ్చిందట అక్కా. మొన్న దసరాకు ముందు. సార్ రాసిన కాగితాలు ఎక్కడెక్కడో తిరిగి తిరిగి, ఆ ఒక్క కంప్యూటర్ తెరవొచ్చని ఆర్డర్ వచ్చిందట. కంపెనీవాళ్ళొచ్చి అన్నీ ఆన్ చేసి పోయిండ్రు. ఇప్పుడు సీరియల్ పోర్టు చూపిస్తదట. సౌండు చూపిస్తదట."

సుశీల వేళ్ళు ఆగాయి.

"ఎవరు కూసుంటున్నరు దాని ముందట?"

"కొత్తగా వచ్చినాయన. సోమయ్యనో ఎవరో. పాటలు వింటున్నడట."

ఆమె తల ఊపింది. బుట్టలోంచి ఇంకో చింతపండు ముద్ద తీసుకుని, బొటనవేలితో చీల్చి, పిక్క బయటికి నెట్టింది.

"ఆవాజ్ మంచిగ వస్తుందా?"

"వస్తుందట" అన్నాడు డానియేలు.

సందులో గోల మొదలైంది. నల్లా వచ్చిందని ఎవరో అరిచారు. బిందెలు కొట్టుకుంటున్న చప్పుడు. సుశీల చేతులు కొంగుకు తుడుచుకుని లేచి, గోడ పట్టుకుంటూ పోయి రెండు బిందెలు తెచ్చింది. డానియేలు వాటిని అందుకుని వరుసలో నిలబడ్డాడు. ముందు నిలబడ్డ ఆండాలు అనే ఆవిడ, "మీ చుట్టమా?" అనడిగింది.

"ఆఫీసుల పనిచేశేటోడు" అంది సుశీల గడపలోంచి.

నీళ్ళు సన్నగా వస్తున్నాయి. ఒక బిందె నిండేసరికి ఆగిపోయాయి. రెండో బిందె ఖాళీగానే వెనక్కి తెచ్చాడు డానియేలు. ఆసిఫాబాద్ బస్సుకు టైమవుతోందన్నాడు. ఆమె కేకు డబ్బా ఖాళీ చేసి, కడిగి, తుడిచి చేతికిచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు.

అతని చెప్పుల చప్పుడు సందు చివర మలుపు తిరిగేదాకా వింది. తర్వాత చాప మీద కూర్చుని బుట్ట దగ్గరికి లాక్కుంది.